మైకు లేకుండా కథ గురించి మాట్లాడుకోవడం ఎలా?

మా కడపలో సాహిత్య సభకు ఒక లెక్క ఉంది. వేదిక మీద ఏడుగురు, కింద పద్నాలుగు మంది. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, తలా ఒక శాలువా. పుస్తకంలో ఏముందో చెప్పే వంతు వచ్చేసరికి చీకటి పడి, ఊరి బస్సున్నవాళ్ళు ఒక్కొక్కరే లేస్తారు. అట్లాంటి సభలు వద్దని అనను. శాలువా కప్పించుకున్న పెద్దాయన ముఖంలో సంతోషం చూడ్డానికి నేనూ పోతుంటాను. కాకపోతే చదివిన కథ మనల్ని రాత్రంతా ఎందుకు నిద్రపోనీలేదో ఇంకో మనిషితో మాట్లాడుకోవాలంటే అది చోటు కాదు. దానికి ఒక చాప, ఆరుగురు మనుషులు, ఒక కథ చాలు. మూడేళ్ళుగా మా మిద్దె మీద నెలకోసారి కూర్చుంటున్నాం. చేసిన తప్పులు కూడా కలిపి, ఎట్లా మొదలుపెట్టాలో చెప్తాను.

మనుషుల్ని వెతుక్కోండి, సాహితీవేత్తల్ని కాదు

ఐదుగురు నుంచి ఏడుగురు. ఎనిమిదో మనిషి వస్తే ఇద్దరిద్దరు పక్కకు తిరిగి గుసగుసలు మొదలుపెడతారు. మా గుంపులో ఒక రిటైర్డ్ లెక్కల సారు, బ్యాంకులో పనిచేసే ఒక అక్క, మందుల షాపు నడిపే అన్న, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, నేను. అందరికంటే బాగా చదివేది మందుల షాపాయన. డాక్టర్ల చేతిరాత చదివీ చదివీ అలవాటైపోయిందని అంటాడు.

ఎవరిని పిలవాలో తెలియకపోతే జిల్లా గ్రంథాలయంలో నాలుగు సాయంత్రాలు కూర్చోండి. పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకున్నవాళ్ళను కదిలించొద్దు, పాపం వాళ్ళ టెన్షన్ వాళ్ళది. కథల బీరువా దగ్గర నిలబడి పేజీలు తిప్పేవాళ్ళుంటారే, వాళ్ళను పలకరించండి. మెంబర్‌షిప్ లేకపోతే పనిలో పనిగా అదీ తీసుకోండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎట్లాగూ కడుతూనే ఉన్నారు.

చోటు, వేళ

ఎండాకాలం పగటిపూట కడపలో పెట్టుకోవద్దు. కథ ఎంత గొప్పదైనా చెమట ముందు నిలవదు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఆరుంబావుకి, మిగతా నెలల్లో సాయంత్రం ఐదున్నరకి. రెండు గంటలకు మించొద్దు. తినేది చివర్లోనే పెట్టండి. ఉగ్గాని, బజ్జీ ముందే వచ్చాయంటే చర్చంతా బజ్జీలో మిరపకాయ మీదికి పోతుంది.

నవలతో మొదలుపెట్టొద్దు

మేం మొదటి నెలే 400 పేజీల నవల పెట్టుకున్నాం. అప్పుడున్న ఏడుగురిలో ఇద్దరు పూర్తిగా చదివారు, ఒకరు సగం చదివారు. మిగతా నలుగురికీ ఒకే ఆదివారం జ్వరం వచ్చింది.

రెండో నెల నుంచి చిన్న కథకు దిగాం. ఎనిమిది, పది పేజీలది. ఎవరూ ఇంట్లో చదివి రానక్కర్లేదు, అక్కడే ఒకరు పైకి చదువుతారు. నిమిషానికి 120 మాటల లెక్కన చదివితే 2,500 మాటల కథ ఇరవయ్యొక్క నిమిషాల్లో అయిపోతుంది. చదవనివాళ్ళు సిగ్గుపడే పని లేదు, చదివినవాళ్ళు గొప్పలు పోయే పనీ లేదు.

పైకి చదివితే ఇంకొక లాభం ఉంది. కంటితో చదివేటప్పుడు దాటుకుని పోయే వాక్యం నోటికి అడ్డం పడుతుంది. ఎక్కడ ఊపిరి చాలలేదో, ఎక్కడ ముందుకొచ్చి మళ్ళీ వెనక్కి పోవాల్సి వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తర్వాత మాట్లాడుకోవాల్సింది చాలావరకు ఆ గీతల దగ్గరే దొరుకుతుంది.

ఏ కథ చదవాలన్న ప్రశ్నకు సంపుటాలే మొదటి జవాబు. పాత కథలు కావాలంటే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. తెలుగు కథల కోసమే కట్టిన గ్రంథాలయం అది, వాళ్ళ వెబ్‌సైట్‌లో రచయిత పేరు మీద వెతుక్కోవచ్చు. మా జిల్లా కథ తెలియాలంటే కేతు విశ్వనాథరెడ్డితో మొదలుపెట్టమంటాను. ఆయన కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అవార్డు కోసం కాదు, ఆయన కథలు నిమ్మళంగా చదివించుకుంటాయి, మాట్లాడుకోవడానికి చోటిస్తాయి.

కథ అందరి ముందూ ఉండాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మా గుంపు నిలబడిందే దీనివల్ల. కథ చేతిలో లేకపోతే మనం మాట్లాడేది కథ గురించి కాదు, మనకు గుర్తున్నదాని గురించి. "ఆమె చివర్లో ఇల్లు వదిలిపోతుంది కదా" అని ఒకరు, "లేదు, గడప దగ్గర నిలబడుతుంది" అని ఇంకొకరు. పేజీ తిప్పి చూస్తే పది సెకన్లలో తేలేదానికి అరగంట వాదన.

మా కడప ఎర్రముక్కపల్లెలో, తెలుగు నిఘంటువు చేసిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ పేరు మీది గ్రంథాలయం ఉన్న చోటే ఒకప్పుడు ఆయన బంగళా ఉండేది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన మనిషి, సొంత డబ్బుతో పండితులను, రాయసగాళ్ళను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులను పక్కపక్కన పరిచి పాఠాలు సరిచూయించాడు. ఈ ప్రతిలో ఈ మాట ఉంది, ఆ ప్రతిలో ఇంకో మాట ఉంది, ఏది సరి? వాళ్ళ తగువంతా కళ్ళముందున్న అక్షరం మీద. మన చాప మీద కూడా తగువు అట్లాగే ఉండాలి. ఎవరైనా ఒక అభిప్రాయం చెప్తే "ఏ పేజీ?" అని అడగండి. మా లెక్కల సారు ఈ మాట ఎన్నిసార్లు అడిగాడో, ఇప్పుడు మా ఇంట్లో కూర బాగలేదన్నా మా పాప "ఏ పేజీ?" అంటుంది.

మాట్లాడే వరస

మొదటి చుట్టు చిన్నది. ఒక్కొక్కరు కథలో తాము ఆగిపోయిన ఒక్క వాక్యం చదివి వినిపించాలి. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆరుగురూ ఆరు వాక్యాలు చదివేసరికి కథ ఎక్కడ పట్టుకుందో దానంతట అదే బయటపడుతుంది. ఒక్కోసారి నలుగురు ఒకే వాక్యం దగ్గర ఆగుతారు. అప్పుడు దాన్ని వదలొద్దు.

రెండో చుట్టులో ప్రశ్నలు. కథ ఎవరి కళ్ళతో నడుస్తోంది? మనకు తెలిసీ పాత్రకు తెలియనిదేంటి? రచయిత చెప్పకుండా వదిలేసిందేది? ఇదే కథను ఒక పేజీ ముందు ఆపేస్తే ఏమవుతుంది? ఆ చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. చాలా కథలు ఒక పేజీ ముందే అయిపోయి ఉంటాయి.

"బాగుంది", "హృద్యంగా ఉంది", "సందేశం ఇచ్చారు" అనే మూడు మాటలు మా దగ్గర నిషేధం. అన్నవాళ్ళు ఆ రోజు టీ గ్లాసులు కడగాలి. రచయిత కులం, ఊరు, ఆయన ఏ పార్టీ అన్నవి చివరి పది నిమిషాలకే. ముందే మొదలైతే కథ మళ్ళీ చాప మీదికి రాదు.

అందర్నీ పిలిచి కూర్చోబెట్టిన మనిషి తక్కువ మాట్లాడాలి. నాకు ఇది రావడానికి ఏడాది పట్టింది.

మనలో ఒకరు రాసిన కథ వచ్చినప్పుడు

నాలుగైదు నెలలకు ఎవరో ఒకరు సంచిలోంచి మెల్లగా కాగితాలు తీస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది, గుంపులు విడిపోయేది కూడా అప్పుడే.

కథ రాసిన మనిషి చదవొద్దు, ఇంకొకరు చదవాలి. రాసినవాళ్ళు చదివితే లేని భావం గొంతుతో నింపేస్తారు. చర్చ అయ్యేదాకా వాళ్ళు నోరు విప్పొద్దు. "నా ఉద్దేశం ఏంటంటే..." అని మొదలైందంటే ఆ ఉద్దేశం కాగితం మీదికి రాలేదని అర్థం. మిగతావాళ్ళు ముందు కథ తమకు ఏమని అర్థమైందో చెప్పాలి. మంచి చెడ్డలు ఆ తర్వాత. ఆరుగురికి ఆరు రకాలుగా అర్థమైతే రచయితకు అంతకంటే పెద్ద విమర్శ అక్కర్లేదు.

కిందటేడు మా డిగ్రీ పిల్లోడు కరువు మీద కథ తెచ్చాడు. మొదటి వాక్యం: "ఆకాశం నిప్పులు కురిపిస్తోంది." అందరం ఊరుకున్నాం. మందుల షాపాయన అడిగాడు, "అబ్బీ, ఆకాశం నిప్పులు కురిపిచ్చేది నువ్వు యాడ చూసినావు?"

వాడు కాసేపు తల గోక్కున్నాడు. "యాడా చూడలేదన్నా. మా బోరు ఎండిపోయింది చూసినా."

"ఎట్ల ఎండింది?"

"మోటారు ఏస్తే ముందు బురద వచ్చింది. తర్వాత గాలి. మా నాయిన మోటారు ఆపకుండా ఆ గాలికాడ్నే చెయ్యి పెట్టి నిలబడుకున్యాడు."

కథ అక్కడ మొదలైంది. నిప్పులు కురిసే ఆకాశం ఎవరిదైనా కావచ్చు, పైపు ముందు చెయ్యి పెట్టి నిలబడిన నాయన మాత్రం వాడొక్కడి దగ్గరే ఉన్నాడు. కాబట్టి సొంత కథ మీద మాట్లాడేటప్పుడు దిద్దకండి, అడగండి. యాడ? ఎప్పుడు? ఎవరు చూశారు? చేతిలో ఏముంది?

విమర్శలో పదును ఎంత ఉండాలి? రా.రా.గా పేరుపడ్డ రాచమల్లు రామచంద్రారెడ్డి మా జిల్లా మనిషే. ఒక మాట పొరపాటున పడినా వదలని విమర్శకుడు. అనువాదంలో మాట ఎట్లా చెడుతుందో చెప్పడానికే ఒక పుస్తకం రాశాడు. ఆయన్ని చదివొచ్చిన కొత్తవాళ్ళు కోపం ఒక్కటి నేర్చుకుని వస్తారు, ఆ కోపం వెనక ఉన్న చదువు నేర్చుకోరు. మా దగ్గర ఒకాయన ఒక పిల్ల రాసిన కథను "ఇది కథే కాదు" అన్నాడు. ఏ పేజీ అని అడిగే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఆయన ఇంకో మూడు నెలలు వచ్చాడు.

యాస గురించి కాస్త ఎక్కువే చెప్పాలి

కడప కథ అనగానే కొత్తగా రాసేవాళ్ళు ప్రతి మాట చివర "అబ్బా" తగిలిస్తారు. సినిమాల నుంచి వచ్చిన జబ్బు ఇది. సుమోలు, బాంబులు, మీసాలు కూడా అక్కడివే. యాస అంటే చివర్లో తగిలించే తోక కాదు. నాగలిని మడక అనడం, వేరుశెనగను శెనక్కాయ అనడం, "నిలబడ్డాడు" అనాల్సిన చోట "నిలబడుకున్యాడు" అనడం. సంభాషణలో యాస పెట్టి కథనం మామూలు తెలుగులో నడపొచ్చు, రెండూ యాసలోనే నడపొచ్చు. ఏదైనా సరే, మొదటి పేజీలో "యాడికి" అని అడిగినమ్మ నోట ఐదో పేజీలో "ఎక్కడికి" రాకూడదు. మాట అర్థం మీద అనుమానమొస్తే బ్రౌన్ నిఘంటువు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో లేకపోతే అవ్వనడగండి.

ఊరి పేరు కూడా యాసలో భాగమే. మాకు వచ్చిన సొంత కథల్లో సగం "రామాపురం"లోనే జరిగాయి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్ల మీదే పరిశోధన చేశారని ఒకసారి చెప్పుకున్నాక పిల్లలు జిల్లా మ్యాపు ముందేసుకున్నారు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, ఒంటిమిట్ట. మడుగు, గుంట, మిట్ట: పేరులోనే నేల ఉంది. కల్పించిన ఊరికి పేరు పెట్టేముందు ఆ ఊళ్ళో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఆలోచించుకోండి.

సిఫార్సుల నోటుబుక్కు

ఒక రెండొందల పేజీల రూళ్ళ పుస్తకం కొని మధ్యలో పెట్టండి. లేచిపోయేముందు ఒక్కొక్కరు తాము చదివిన ఒక పుస్తకం గురించి మూడు విషయాలు రాయాలి: ఎన్నో పేజీలో పట్టుకుంది, ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు. మూడోది తప్పనిసరి. "అందరూ చదవాల్సిన పుస్తకం" అని రాసినదాన్ని మా గుంపులో ఇంతవరకు ఎవరూ చదవలేదు. "120 పేజీల దాకా ఓపిక పట్టాలి, వంట చేస్తూ చదివేవాళ్ళకు కుదరదు" అని అక్క రాసిన పుస్తకం మాత్రం నలుగురి చేతులు మారి, అట్ట ఊడిపోయి తిరిగొచ్చింది.

వాట్సాప్ గ్రూపు పెడితే ఆదివారం టైము చెప్పడానికి మాత్రమే వాడండి. గుడ్ మార్నింగ్ పువ్వులు పెట్టినవాళ్ళకు వచ్చే నెల కథ పైకి చదివే పని అప్పజెప్పండి.