సబ్‌టిలిసిన్‌పై హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రభావాన్ని పరీక్షించే విధానం

బట్టల సబ్బుపొడిలో రక్తం, గుడ్డు వంటి మరకలను కరిగించడానికి కలిపే సబ్‌టిలిసిన్ అనే ఎంజైమ్ బాసిల్లస్ బాక్టీరియా నుంచి లభిస్తుంది. తెల్లదనం కోసం వాడే పెరాక్సైడ్ దీన్ని దెబ్బతీస్తుంది. రసాయన మార్పు వల్ల ప్రోటీన్ పని మాత్రమే ఆగిందా, ఆకారమే చెడిందా అని వేరుచేసి చూడడం నేర్చుకోవడానికి ఎమ్మెస్సీ విద్యార్థికి ఇంతకంటే అనువైన ఉదాహరణ దొరకదని నా అభిప్రాయం. సబ్‌టిలిసిన్ బీపీఎన్ ప్రైమ్ రకంలోని 275 అమైనో ఆమ్లాలలో, గంధకం ఉండే రెండు రకాల్లో ఒకటైన సిస్టీన్ ఒక్కటీ లేదు, రెండోదైన మెథియోనిన్లు ఐదే ఉన్నాయి. అందువల్ల పెరాక్సైడ్ దాడి చేసే గంధకం ఎక్కడుందో ముందే తెలుస్తుంది.

పొడిని తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఎందుకంటే ఆ ధూళి పీల్చితే అలర్జీ, ఉబ్బసం రావచ్చు. ఎంజైమ్‌ను పీహెచ్ 8 ఉన్న ట్రిస్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో), కొద్దిగా కాల్షియం క్లోరైడ్ చేర్చి కరిగించండి. కాల్షియం ఈ ప్రోటీన్ మడతలను నిలబెడుతుంది. ఫాస్ఫేట్ బఫర్ వాడితే అది కాల్షియంతో కలిసి అడుగున పేరుకుంటుంది. ద్రావణాన్ని రెండు గొట్టాలలో పోసి, ఒకదానికి 100 మిల్లీమోలార్ అయ్యేలా పెరాక్సైడ్, రెండోదానికి అంతే పరిమాణంలో నీరు కలపండి. ఈ రెండో గొట్టాన్ని వదిలేసేవారు చాలామంది ఉంటారు. కానీ సబ్‌టిలిసిన్ తనను తానే కోసుకుంటుంది కాబట్టి, ఆ నష్టాన్ని ఈ గొట్టంతో పోల్చి తీసివేయకపోతే ఫలితం చెల్లదు.

0, 2, 5, 10, 20, 40 నిమిషాల వద్ద రెండు గొట్టాల నుంచీ కొద్దికొద్దిగా తీసి, కాటలేజ్ (పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొట్టి చర్యను ఆపే ఎంజైమ్) కలిపిన చిన్న గొట్టాలలో వేయండి. పెరాక్సైడ్ ఉన్న నమూనాలో బుడగలు చరచర పైకి లేస్తాయి. అవి అణగిన తరువాతే క్యువెట్‌లో (కాంతి కొలిచే చిన్న పారదర్శక పాత్రలో) పోయాలి, లేకపోతే కాంతి చెదిరి రీడింగ్ తప్పుతుంది. బఫర్‌లో సోడియం అజైడ్ ఉంటే కాటలేజ్ పనిచేయదని మరవవద్దు. తరువాత పారానైట్రోఅనిలిన్ తగిలించిన పెప్టైడ్ (చిన్న అమైనో ఆమ్లాల గొలుసు) కలిపి, ఎంజైమ్ దాన్ని కోసినప్పుడు విడుదలయ్యే పసుపు రంగు పెరిగే వేగాన్ని 410 నానోమీటర్ల వద్ద కొలవండి. వేగం త్వరగా పడిపోతుంది గానీ పూర్తిగా సున్నాకు చేరదు.

ఇక ఆకారం సంగతి. రెండు గొట్టాలకూ పీఎంఎస్‌ఎఫ్ (చర్యాకేంద్రంలోని సెరీన్‌కు అంటుకుని ఎంజైమ్‌ను ఆపే రసాయనం) చేర్చి స్వీయ కోతను ఆపి, మిగిలిన పీఎంఎస్‌ఎఫ్‌ను డయాలిసిస్‌తో తొలగించి, ప్రోటీన్ మడతను కాంతితో చూపే వృత్తాకార ద్విరూపత (సర్క్యులర్ డైక్రోయిజం) వర్ణపటాలను తీయండి. రెండు రేఖలు దాదాపు ఒకదానిపై ఒకటి పడితే మడత చెక్కుచెదరలేదన్నమాట. ద్రవ్యరాశి వర్ణపటంలో, చేరిన ఒక్కో ఆక్సిజన్‌కు 16 డాల్టన్లు (అణు ద్రవ్యరాశి ప్రమాణం) పెరుగుతాయి. పీఎంఎస్‌ఎఫ్ అంటుకున్నచోట వచ్చే 154 డాల్టన్లను దీనితో కలిపేసి చదవకూడదు.

ఆకారం నిలిచీ పని తగ్గడానికి కారణం 222వ మెథియోనిన్. అది చర్యాకేంద్రంలోని 221వ సెరీన్‌కు ఆనుకునే ఉంది. దాని గంధకానికి చేరిన ఆక్సిజన్, చర్య నడుమ ఏర్పడే రుణావేశాన్ని పట్టి ఉంచే గుంటకు అడ్డు తగులుతుంది. 1985లో ఎస్టెల్, గ్రేకార్, వెల్స్ అనే పరిశోధకులు ఆ ఒక్క మెథియోనిన్‌ను అలనిన్, సెరీన్ వంటివాటితో మార్చగా, ఆ రూపాలు 1 మోలార్ పెరాక్సైడ్‌ను కూడా తట్టుకున్నాయి. అటువంటి మార్పిడి రూపం మీకు అందుబాటులో ఉంటే, దాన్ని మూడో గొట్టంగా చేర్చి ఇదే ప్రయోగం నడపండి.