ఎడ్డీ వాన్ హేలెన్‌లా గిటార్ మీద ట్యాపింగ్ ఎలా చేయాలి?

1978 ఫిబ్రవరిలో అమెరికన్ రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో రెండో ట్రాక్ ‘ఇరప్షన్’. 1 నిమిషం 42 సెకన్లు. పాడేవాళ్లు లేరు, దాదాపు అంతా ఒక్క గిటారే. వాయించిన ఎడ్డీ వాన్ హేలెన్‌కు ఆల్బమ్ వచ్చేనాటికి 23 ఏళ్లు. షో కోసం స్టూడియోలో ప్రాక్టీస్ చేసుకుంటుంటే నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ చెవిన పడి రికార్డయిందే తప్ప, ఆల్బమ్‌లో పెడదామని ముందుగా అనుకున్నది కాదు. అది విని గిటార్ చేతపట్టిన కుర్రాళ్లు ఎన్ని దేశాల్లో ఉన్నారో లెక్క లేదు. నేను కూడా అలా పట్టినవాణ్ణే.

రెండు చేతుల వేళ్లనూ గిటార్ మెడ మీదే నడిపించే ఆ పద్ధతే ట్యాపింగ్. ఎడ్డీ కంటే ముందు కూడా కొందరు దాన్ని వాడారు, జెనిసిస్ బ్యాండ్ గిటారిస్ట్ స్టీవ్ హాకెట్ వారిలో ఒకరు. కానీ వినగానే ఒళ్లు జలదరించేలా చేసి, ప్రతి గిటారిస్టూ ఇది నేర్చుకుని తీరాలనుకునేలా చేసింది మాత్రం ఎడ్డీయే. మామూలు కార్డ్స్ పట్టడం వస్తే చాలు, మీరు కూడా మొదలుపెట్టవచ్చు.

1. ముందు వినండి

గిటార్ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో ‘ఇరప్షన్’ మూడు నాలుగు సార్లు వినండి. సగం దాటాక స్వరాలు జలపాతంలా దూకడం మొదలవుతుంది. అదే ట్యాపింగ్. ఆ తర్వాత ప్లేబ్యాక్ వేగం సగానికి తగ్గించి వినండి. మూడేసి స్వరాలు గుంపుగా వస్తున్నట్టు తెలుస్తుంది. నోటితో ‘తకిట తకిట’ అనుకుంటూ వింటే ఇంకా బాగా దొరుకుతుంది.

ఈ మెట్టు దాటేసి నేరుగా ట్యాబ్ (ఏ తీగను ఎక్కడ నొక్కాలో అంకెలతో రాసి చూపేది) తెరిచేవాళ్లే ఎక్కువ. నా మాట విని అలా చేయకండి. ఎడ్డీ చిన్నప్పుడు పియానో నేర్చుకున్నప్పుడు కూడా నోట్స్ చదవకుండా, చెవితో విని వాయించి పోటీల్లో గెలిచారు. ఆయన సంగీతమంతా చెవి నుంచి వచ్చిందే.

2. గిటార్ సిద్ధం చేసుకోండి

ఎలక్ట్రిక్ గిటార్ అయితే సులువు. అకూస్టిక్ మీద కూడా చేయొచ్చు కానీ తీగలు గట్టిగా ఉండి మొదట్లో వేళ్లు నొప్పెడతాయి. రికార్డింగ్‌తో కలిపి వాయించాలంటే ఆరు తీగల్నీ హాఫ్ స్టెప్ (అర స్వరం) తగ్గించి ట్యూన్ చేసుకోవాలి.

ఖరీదైన గిటార్ లేదని దిగులు వద్దు. ఎడ్డీ వాయించిన ఎరుపు, తెలుపు, నలుపు చారల గిటార్ ఏ కంపెనీ షోరూమ్ నుంచీ రాలేదు. 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల మెడ విడిగా కొని, పాత గిబ్సన్ గిటార్ పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) బిగించి తానే తయారు చేసుకున్నారు. దాన్నే ఫ్రాంకెన్‌స్ట్రాట్ అంటారు.

3. పిక్ పట్టు మార్చండి

ఎక్కువమంది బొటనవేలు, చూపుడువేలు మధ్య పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పట్టుకుంటారు. ఎడ్డీ బొటనవేలు, మధ్యవేలుతో పట్టుకునేవారు. అందుకే ట్యాప్ చేయడానికి చూపుడువేలు ఖాళీగా ఉండేది. ఈ పట్టు ఇబ్బందిగా అనిపిస్తే పిక్‌ను అరచేతిలోకి మడిచి చూపుడువేలు వాడండి, లేదా మధ్యవేలితో ట్యాప్ చేయండి. ఏదైనా సరే.

4. ఎడమ చేతిని తయారు చేయండి

సన్న తీగ వైపు నుంచి రెండో తీగ మీద చూపుడువేలు 2వ ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు కడ్డీల మధ్య గడిని ఫ్రెట్ అంటారు) పెట్టి ఒక్కసారి మీటండి. ఇక మీటకుండా, చిటికెనవేలితో 5వ ఫ్రెట్‌ను సుత్తితో కొట్టినట్టు కొట్టండి. ఇది హ్యామర్-ఆన్. ఆ వేలు తీసేటప్పుడు పైకి ఎత్తేయకుండా తీగను కొంచెం పక్కకు గీరుతూ తీయండి. ఇది పుల్-ఆఫ్. రెండు స్వరాలూ ఒకే గట్టితనంతో వినిపించేదాకా ఇదే చేయండి. నాకు రెండు వారాలు పట్టింది. ఈ బలం రాకుండా ముందుకెళ్తే ట్యాప్ చేసిన స్వరం ఒక్కటే మోగి, మిగతా రెండూ మూగబోతాయి.

5. ఇప్పుడు ట్యాప్

కుడిచేతి వేలితో అదే తీగను 9వ ఫ్రెట్ దగ్గర, లోహపు కడ్డీకి ఆనుకుని గట్టిగా కొట్టండి. ఆ వేలితో తీగను గీరుతూ వదిలితే ముందే నొక్కి ఉంచిన 2వ ఫ్రెట్ మోగుతుంది. వెంటనే 5వ ఫ్రెట్ మీద హ్యామర్-ఆన్. మళ్లీ 9.

9–2–5, 9–2–5. తకిట, తకిట.

మామూలు ట్యూనింగ్‌లో ఈ మూడు స్వరాలూ కలిస్తే సి షార్ప్ మైనర్ కార్డ్. ఇక్కడే నాకు ట్యాపింగ్ అంటే ప్రాణమైపోయింది. మిగతావి కదల్చకుండా కుడిచేతి వేలిని 9 నుంచి 10కి జరపండి. అది ఎ మేజర్ అవుతుంది. తిరిగి 9కి వచ్చి, ఈసారి 5ను 6కి జరపండి. సి షార్ప్ మేజర్! ఒక్క వేలు ఒక్క ఫ్రెట్ జరిగితే దిగులుగా ఉన్నది వెలుగుగా మారిపోతుంది. ‘ఇరప్షన్’లో మనల్ని కదిలించేది వేగం కాదు, ఈ మార్పులే.

6. గోల ఆపండి

డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెంచితే పక్క తీగలన్నీ గుయ్యిమంటాయి. ఎడమ చూపుడువేలి కొన మూడో తీగకు తగిలీ తగలనట్టు, ఆ వేలి లోపలి భాగం ఒకటో తీగ మీద మెత్తగా ఆనేలా ఉంచండి. మందపు తీగల మీద కుడి అరచేతి అంచు వాలాలి. నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర గుడ్డ చుట్టి ఆపేవాళ్లూ ఉన్నారు. మొదట్లో మాత్రం చేతులతోనే ఆపడం నేర్చుకోండి.

7. వేగం తర్వాత

మెట్రోనోమ్ (తాళం వేసే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఒక్కో దెబ్బకు మూడు స్వరాలు సమానంగా పలికించండి. రెండు నిమిషాలు తడబడకుండా వాయించగలిగితే 64కి వెళ్లండి. తడబడితే వెనక్కి రండి. మణికట్టు, ముంజేయి నొప్పెడితే వెంటనే ఆపాలి. తప్పు దొర్లితే టెన్షన్ పడొద్దు. అంత పేరు పొందిన ‘ఇరప్షన్’ రికార్డింగ్‌లోనే తాను ఒకచోట తప్పు వాయించానని ఎడ్డీ స్వయంగా చెప్పారు.

8. రిథమ్ మరిచిపోవద్దు

ట్యాపింగ్ వచ్చిన కుర్రాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. నన్నడిగితే ఎడ్డీ సోలోల కంటే రిథమే గొప్పది. చిన్నప్పుడు ఆయన డ్రమ్స్ వాయిస్తే, అన్న అలెక్స్ గిటార్ వాయించేవాడు. తర్వాత ఇద్దరూ వాయిద్యాలు మార్చుకున్నారు. ఆ లయ చేతిలో నిలిచిపోయింది. మొదటి ఆల్బమ్ పెట్టి, సోలోలు వదిలేసి, పాట నడుస్తున్నప్పుడు గిటార్, డ్రమ్స్ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటున్నాయో వినండి. తర్వాత నచ్చిన నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) తీసుకుని, అలెక్స్ డ్రమ్స్ మీద మీ చేయి సరిగ్గా పడేదాకా వాయించండి.