బంతి రాకముందే చూడటం నేర్పాలంటే

2012లో స్వీడన్ పరిశోధకులు ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదడు చురుకును పరీక్షిస్తే, పై డివిజన్ వాళ్లు కింది డివిజన్ వాళ్లకంటే మెరుగ్గా చేశారు. ఇది పరీక్షల్లో మార్కులు తెచ్చే తెలివి కాదు. చూసింది గుర్తుంచుకుని, క్షణంలో నిర్ణయం మార్చుకోగల శక్తి. మా మాట వింటే, దీన్ని ఫోన్ ఆటలతో కాదు, బంతితోనే నేర్పండి.

10 మీటర్ల చదరం గీయండి. నాలుగు వైపులా నలుగురు, మధ్యలో ఒకరు. పాస్ ఇచ్చేవాడికి ఎదురుగా, మధ్యవాడి వీపు వెనక ఉన్నవాడు వేళ్లు చూపాలి. మధ్యవాడు భుజం మీదుగా చూసి అంకె చెప్పి, బంతి అందుకుని, వెనక్కి తిరిగి, వేళ్లు చూపినవాడికే ఇవ్వాలి. 40 సెకన్లకు మనిషిని మార్చండి.

ఎక్కువమంది తప్పేది ఒక్కచోటే: బంతి వస్తుండగా తల తిప్పుతారు, మొదటి టచ్ చెడుతుంది. పాస్ ఇచ్చేవాడు బంతిని సర్దుకుంటున్నప్పుడే చూసెయ్యాలి. ఊరికే తల ఊపేవాళ్లూ ఉంటారు. వేళ్లు ప్రతిసారీ మారిస్తే దొరికిపోతారు.

నెల్లూరు, ఒంగోలు మట్టి మైదానాల్లో బంతి ఎగిరిపడుతుంది, చూపు దానికే అతుక్కుంటుంది. అందుకే ముందు నీళ్లు చల్లి, రాళ్లేరి, చదును చేయండి. వేసవిలో పొద్దున ఆరింటికే మొదలుపెట్టండి. ఎండకు అలసిన పిల్లలు చుట్టూ చూడటం మానేస్తారు.