బొంత కుడదాం – 5వ పాఠం: పాపికొండల అంచు

నాలుగో పాఠంతో 48×60 అంగుళాల నడిమి భాగం పూర్తయింది. ఇప్పుడు దాని చుట్టూ 6 అంగుళాల అంచు వేద్దాం. స్కేలు లేకుండా చేయి నడిచినట్టు కోసే అంచు కాబట్టి, ఏ గీత కోయాలో మనసులో ఉండాలి. అందుకు ముందు గుర్తుండిపోయిన ఒక ప్రయాణం ఎంచుకోవాలి. మనం పాపికొండలు తీసుకుందాం. గండిపోచమ్మ దగ్గర బోటెక్కి పేరంటాలపల్లి వైపు వెళ్తుంటే, కొండలు రెండు పక్కలా ఎదురొచ్చి నది దారి మూసేసినట్టు కనబడతాయి. మలుపు తిరగ్గానే దారి మళ్ళీ తెరుచుకుంటుంది. అంచులో పట్టాల్సింది ఆ ఒక్క గీతనే. ఫోటో ముందు పెట్టుకోకండి, పెట్టుకుంటే చెట్లూ బోట్లూ కూడా కుట్టాలనిపిస్తుంది. గుర్తున్నంత వరకు కాగితంపై నాలుగైదుసార్లు గీసి చేతికి అలవాటు చేసుకుంటే చాలు.

గుడ్డ: 44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డ. కొండకు మీటరు, నీటికీ ఆకాశానికీ ముప్పావు మీటరు చొప్పున, మూలలకూ, ముక్కల మధ్య వేసే సన్నటి పట్టీలకూ (కమ్మీలకూ) ముదురు రంగుది పావు మీటరు. వరద గోదారి గుర్తుంటే నీటికి ఎర్రమట్టి రంగు, చలికాలంలో వెళ్ళినవాళ్ళకు నీలం. ముందే ఉతికి ఆరేయండి. ఎర్ర గుడ్డను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే ఇంకోసారి ఉతకాలి. ఆ తర్వాత పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. వంపుగా కోసిన చోట గుడ్డ సాగుతుంది, గంజి దాన్ని ఆపుతుంది.

18 అంగుళాల పొడవున పట్టీలు కోయండి: నీరు 3½, కొండ 5, ఆకాశం 3½ అంగుళాల వెడల్పు, ఒక్కోటి 14.

ఇక అసలు పని. నీటి పట్టీ, కొండ పట్టీ రెండూ మంచివైపు పైకే ఉంచి, అంచులు 1½ అంగుళం ఒకదానిపై ఒకటి ఎక్కేలా పరవండి. ఆ 1½ అంగుళంలోపలే కత్తెర అలలా నడవాలి, రెండు పొరలూ ఒకేసారి తెగాలి. 6 అంగుళాల దూరానికి ఒక అంగుళం కంటే ఎక్కువ లేవకూడదు. నిటారుగా లేస్తే కుట్టు దగ్గర ముడతలు వస్తాయి, ఇస్త్రీకి కూడా లొంగవు. పై పట్టీ నుంచీ, కింది పట్టీ నుంచీ తెగిన సన్నటి తుంపులు తీసేస్తే రెండు పట్టీలూ ఒకే వంపులో అమరుతాయి. కదపకముందే ప్రతి 3 అంగుళాలకు కోతకు అడ్డంగా చాక్‌పీసుతో గీత పెట్టండి. మంచివైపులు కలిపి తిప్పితే ఒకదాని శిఖరం మీదికి రెండోదాని లోయ వచ్చి, అసలు కుదరవనిపిస్తుంది. కంగారు పడొద్దు. గీతకు గీత కలిపి గుండుసూది గుచ్చి, పావు అంగుళం మార్జిన్‌తో నెమ్మదిగా కుట్టండి. లాగితే సాగుతుంది, గుడ్డను మిషనే తీసుకుపోవాలి. ఆకాశం పట్టీనీ ఇలాగే కలపండి. ఇస్త్రీపెట్టె రుద్దకుండా పైనుంచి అదమండి. 8 అంగుళాల వెడల్పు ముక్క వస్తుంది, దాన్ని 6½కి కోసుకోండి. ఇక్కడ మాత్రం స్కేలు కావాలి.

ముక్కకూ ముక్కకూ కొండగీత కలవదు. కలపాలని చూడకండి. మధ్యలో అంగుళం వెడల్పు ముదురు కమ్మీ కుడితే, బోటు కిటికీలోంచి చూసినట్టుంటుంది. పొడుగు వైపుకు నాలుగు ముక్కలు, పొట్టి వైపుకు మూడు. కుట్టాక పొడవు మిగులుతుంది, బాగా రాని చివరలు అందులోనే పోతాయి.

ఇప్పుడు నడిమి భాగాన్ని ఓరల దగ్గర కొలవకండి, అవి ఈపాటికే సాగి ఉంటాయి. మధ్యలో మూడు చోట్ల కొలిచి సగటు తీసి, అంచులను సరిగ్గా ఆ పొడవుకు కోయండి. కొలవకుండా కుట్టుకుంటూ పోయి చివర్లో కత్తిరిస్తే, పరిచినప్పుడు అంచు అప్పడంలా లేస్తుంది. ముందు పొడుగు వైపులు కుట్టండి. పొట్టి అంచుల రెండు చివర్లకూ 6½ అంగుళాల ముదురు చదరాలు కలిపి ఆ తర్వాత కుట్టండి. నీరు అన్ని వైపులా లోపలికే ఉండాలి. గుండుసూదులు ముందు రెండు చివర్లకూ, తర్వాత నడిమికీ, ఆపైన వాటి మధ్యనున్న ఖాళీల్లోనూ.