సాంట్రో టైమింగ్ బెల్ట్: శబ్దం ఎక్కడిది, తప్పు దేనిది, మార్చడం ఎలా

మా బేస్‌మెంట్‌లో ఆదివారం పొద్దున నేను బానెట్ ఎత్తితే చాలు, కింది ఫ్లోర్ అనంతపురం అన్న కాఫీ గ్లాసుతో దిగిపోతాడు. "ఏం సామీ, మళ్ళా విప్పినావా?" అంటాడు. ఈసారి నిజంగానే చాలా విప్పాను. పాత సాంట్రో జింగ్, దానికి ఏడేళ్ళనాటి టైమింగ్ బెల్ట్ (పిస్టన్లకు తగిలి ఉండే క్రాంక్ షాఫ్ట్‌తోపాటు, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌ను తిప్పే పళ్ళ రబ్బరు బెల్ట్). రెండు ఆదివారాలు పట్టింది (ఒక్క ఆదివారంలో ఎందుకు కాలేదో కింద చెప్తాను). బెల్ట్ తనంతట తాను తెగడం తక్కువని అప్పుడే అర్థమైంది. పక్కనున్న బేరింగో, కారుతున్న సీలో, వాటర్ పంపో దాన్ని తినేస్తాయి. బెల్ట్ ఒక్కటి మార్చి కవర్ మూసేస్తే సగం పనే అయినట్టు.

ముందు మీ కారుకు బెల్ట్ ఉందో లేదో చూసుకోండి. సాంట్రో జింగ్, ఐ10 1.1, మారుతి 800, డస్టర్ 1.5 డీజిల్ బెల్ట్ బండ్లు. ఐ10 1.2 కప్పా, స్విఫ్ట్ 1.3 డీజిల్ చెయిన్ బండ్లు. వాటికి ఈ పని ఉండదు.

మీటర్ చూసి మోసపోవద్దు

మా మీటర్ ప్రకారం పోయినసారి బెల్ట్ మార్చాక తిరిగింది 38,000 కిలోమీటర్లే. కానీ అందులో ఎక్కువ భాగం బెంగళూరు ట్రాఫిక్‌లో కేఆర్ పురం, సిల్క్ బోర్డు మధ్య నిలబడి, పాకుతూ తిరిగినవి. ఐడిల్‌లో 800 ఆర్‌పీఎం అనుకుంటే గంటకు క్రాంక్ 48,000 సార్లు తిరుగుతుంది. బెల్ట్ కూడా దానితోపాటే తిరుగుతుంది, మీటర్ మాత్రం కదలదు. పైగా ఆ రబ్బరు ఇంజిన్ వేడికి ఏళ్ళ తరబడి ఉడుకుతుంది. ఓనర్స్ మాన్యువల్‌లో కిలోమీటర్లు, సంవత్సరాలు రెండూ ఇచ్చి ఉంటే ఏది ముందొస్తే అది పాటించండి. బెంగళూరులో చాలామందికి సంవత్సరాలే ముందొస్తాయి. బండి సెకండ్ హ్యాండ్‌ది, బిల్లు లేదు అంటే బెల్ట్ మార్చలేదనే అనుకోండి.

నడుస్తూ నడుస్తూ ఆగింది, సెల్ఫ్ కొడితే గిర్రున తేలిగ్గా తిరుగుతోంది

మామూలుగా సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఒక లయలో బరువుగా తిరుగుతుంది. కంప్రెషన్ అడ్డుపడుతూ ఉంటుంది కదా. ఆ బరువు లేకుండా మిక్సీలా తిరిగిందంటే బెల్ట్ తెగి ఉండాలి, లేదా దాని పళ్ళు రాలిపోయి ఉండాలి. క్యామ్ తిరగదు, వాల్వులు ఉన్నచోటే ఉండిపోతాయి, పిస్టన్లు మాత్రం పైకొస్తాయి. చాలా ఇంజిన్లలో అవి ఢీకొని వాల్వులు వంగుతాయి. అందుకని రెండోసారి సెల్ఫ్ కొట్టకండి. పై కవర్ బోల్టులు తీసి టార్చ్ వేసి చూస్తే విషయం తెలిసిపోతుంది. తెగి ఉంటే టోయింగ్‌కి ఫోన్ చేయండి. కంప్రెషన్ చూడాలి, బహుశా హెడ్ దించాలి. అది బేస్‌మెంట్ పని కాదు.

పొద్దున్నే కీచుమనో గురగురమనో శబ్దం

మా బండికి వచ్చింది ఇదే. శబ్దం వినగానే టైమింగ్ బెల్ట్‌ను అనుమానించకండి, ముందు బయట ఆల్టర్నేటర్‌ను తిప్పే ఫ్యాన్ బెల్ట్ సంగతి తేల్చండి. ఫ్యాన్ బెల్టులు తీసేసి ఇంజిన్ అరనిమిషం నడపండి. అంతకుమించి వద్దు, వాటర్ పంప్ ఆ బెల్ట్ మీదే ఉంటే కూలెంట్ తిరగదు. శబ్దం పోతే తప్పు ఫ్యాన్ బెల్ట్‌దో, ఆల్టర్నేటర్ బేరింగ్‌దో. పోకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన టైమింగ్ కవర్ వెనక బోల్టుకు ఆనించి పిడి చెవికి పెట్టుకోండి. జుట్టు, చొక్కా చేతులు జాగ్రత్త. లోపల ఇసుక నలుగుతున్నట్టు వినిపిస్తే టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచే కప్పీ) బేరింగ్ గ్రీజు ఎండిపోయినట్టు. నాది అదే. విప్పి వేలితో తిప్పితే గరగరమంది. కొత్త బేరింగ్ శబ్దం లేకుండా, కొంచెం బరువుగా తిరుగుతుంది.

అరిగిన టెన్షనర్ మీద కొత్త బెల్ట్ వేసి డబ్బు మిగిలిందనుకునేవాళ్ళను చూశాను. బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా అదే రోజు పోతుంది. స్పేర్ పార్ట్స్ షాపులుండే జేసీ రోడ్డులో అడిగితే బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌ను దారిలో ఉంచే కప్పీ) ఉంటే అదీ కలిపి కిట్‌గా ఇస్తారు. పాత బెల్ట్ వెంట తీసుకెళ్ళి పళ్ళు లెక్కపెట్టి, వెడల్పు పోల్చి తీసుకోండి. కొత్త బెల్ట్‌ను మడవడం, మెలితిప్పడం చేయొద్దు. లోపలి గాజు దారాలు విరిగినా పైకి కనపడదు.

కవర్ కింది అంచున నూనె జిడ్డు

క్యామ్ సీలో, క్రాంక్ ముందు సీలో కారుతోంది. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పళ్ళు ఊడిపోతాయి. బెల్ట్ ఎలాగూ తీశారు కాబట్టి రెండు సీల్సూ మార్చేయండి. వాటి ఖరీదు తక్కువ, మళ్ళీ విప్పే శ్రమ ఎక్కువ. కొత్త సీల్ కూడా కొద్ది నెలల్లో కారితే పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపల చేరే గ్యాసులు పోయే దారి) చూడండి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీల్స్‌ను బయటికి నెడుతుంది. తీసి ఊపితే టకటకమనాలి.

జిడ్డు కాకుండా ఎండిన ఆకుపచ్చ లేదా గులాబీ రంగు చార కనిపిస్తే అది కూలెంట్, వాటర్ పంప్ కారుతోంది. టైమింగ్ బెల్ట్ మీదే తిరిగే పంప్ అయితే ఆలోచించకుండా బెల్ట్‌తోపాటు మార్చండి.

మార్చే పని

బ్యాటరీ నెగటివ్ తీయండి. వెనక చక్రాలకు ఇటుకలు కాదు, చెక్క దిమ్మెలు పెట్టండి. బెల్ట్ ఉన్న వైపు ముందు చక్రం తీసి, బరువు స్టాండ్ మీద ఉంచండి. జాకీని నమ్మి కిందికి దూరొద్దు. ఇంజిన్ మౌంటింగ్ విప్పే ముందు ఆయిల్ సంప్ కింద చెక్కముక్క పెట్టి రెండో జాకీతో ఇంజిన్ ఆపాలి.

అన్నిటికన్నా మొండిది క్రాంక్ పుల్లీ బోల్ట్. అనంతపురం అన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని, అయిదో గేరు వేసి బ్రేక్ గట్టిగా తొక్కాడు. నేను సాకెట్‌కు నిలువెత్తు పైపు తగిలించి లాగాను. మూడోసారికి టక్కుమని వదిలింది. సెల్ఫ్ కొట్టి బోల్ట్ వదిలించే చిట్కా ఒకటి తిరుగుతోంది. చేతులు కావాలనుకునేవాళ్ళు దాని జోలికి పోకండి.

తర్వాత క్రాంక్‌ను ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పి క్రాంక్, క్యామ్ పుల్లీల మీది టైమింగ్ మార్కులు రెండూ కుదిరేలా ఆపాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒకటే చుట్టు తిరుగుతుంది కాబట్టి క్రాంక్ మార్కు కుదిరినంత మాత్రాన సరిపోదు. పాత బెల్ట్ తీసే ముందు మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో పుల్లీలకు, బెల్ట్‌కు గీతలు పెట్టి ఫోటో తీసుకున్నాను (సీసా తిరిగివ్వలేదని ఇప్పటికీ మాట పడుతున్నాను). కొత్త బెల్ట్ ముందు క్రాంక్‌కు తొడిగి, టెన్షనర్ లేని వైపు బిగుతుగా ఉంచుతూ క్యామ్‌కు ఎక్కించి, చివర టెన్షనర్ దగ్గరికి రావాలి. స్ప్రింగ్ టెన్షనర్ అయితే దాన్ని వదిలి, స్ప్రింగ్ లాగినంత లాగనిచ్చి, అప్పుడు బోల్ట్ బిగించండి. బిగింపులన్నీ సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్ ప్రకారమే.

ఇప్పుడు తాళం చెవి జేబులోనే ఉంచి, సాకెట్‌తో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టొద్దు, వాల్వు పిస్టన్‌ను తాకుతోంది. మార్కులు మళ్ళీ కలిస్తేనే కవర్ వేయండి.

మార్చాక వచ్చే జబ్బులు

ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఈల వేస్తే బెల్ట్ ఎక్కువ బిగిసింది. చల్లగా ఉన్నప్పుడు పటపటమని కవర్‌కు కొడితే వదులైంది. రెండిటికీ టెన్షన్ మళ్ళీ పెట్టడమే.

పికప్ లేదు, ఐడిల్ వణుకుతోంది అంటే ఒక పన్ను తప్పింది. నా మొదటి ఆదివారం ఇందుకే పోయింది. బండి బాగానే స్టార్టయింది, బేస్‌మెంట్ ర్యాంప్ మాత్రం మొదటి గేరులో కూడా మూలుగుతూ ఎక్కింది. క్యామ్ పుల్లీకి 40 పళ్ళు ఉంటే ఒక్క పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తేడా. క్యామ్ సెన్సర్ ఉన్న కొన్ని బండ్లలో చెక్ లైట్ వెలిగి స్కానర్‌లో పి0016 కోడ్ (క్రాంక్, క్యామ్ పొంతన కుదరలేదని) వస్తుంది. నేను మార్కును పైనుంచి వంగి చూశాను, అక్కడి నుంచి కుదిరినట్టే కనిపించింది. మొబైల్‌ను పుల్లీకి ఎదురుగా పెట్టి ఫోటో తీస్తే పన్ను తేడా స్పష్టంగా ఉంది. పన్ను తప్పిన బండిని "కొన్నాళ్ళు తిప్పి చూద్దాం" అనుకోవద్దు, అదే రోజు విప్పాలి. నేను ఆగింది మరుసటి ఆదివారం దాకా, అంతవరకూ ఆఫీసుకు మెట్రోలో వెళ్ళాను.

రెండోసారి అంతా కుదిరింది, ర్యాంప్ రెండో గేరులో ఎక్కింది. కవర్ దగ్గర గలగల మాత్రం మిగిలింది. మళ్ళీ విప్పాలేమోనని టెన్షన్‌తో టార్చ్ పట్టుకుని వంగితే, అన్న గ్లాసు కింద నుంచి ఒక 10 ఎంఎం బోల్ట్ తీసి చేతిలో పెట్టాడు. కింది కవర్‌ది.