మోటార్‌హోమ్ డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీరు: నా అనుభవం

కొలరాడోలోని కనుమ రోడ్లు ఎక్కేటప్పుడు మా డీజిల్ మోటార్‌హోమ్ (ఇల్లులా అమర్చిన బండి) లాగలేకపోవడంతో పాటు, ఇంధనంలో నీరు చేరిందని హెచ్చరించే లైటు వెలగసాగింది. చలికాలమంతా కదలకుండా నిలిపి ఉంచిన బండిలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు గాలిలోని తేమ చెమ్మగా పట్టి అడుగుకు దిగుతుంది. డీజిల్ కంటే నీరు బరువైనది కనుక, డీజిల్ నుంచి నీటిని వేరుచేసే సెపరేటర్ ఫిల్టర్ కింది గిన్నె అడుగున నిలుస్తుంది.

ఇంజన్ చల్లారాక, గిన్నె కింద గాజు సీసా పెట్టి డ్రెయిన్ వాల్వును వదులు చేశాను. మొదట మురికి నీరు, దాని వెంట నల్లని జిగురు తునకలు, చివరకు తేటపడిన డీజిల్ వచ్చాయి. ఆ జిగురు నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులది కాబట్టి, నీటిని వదిలితే సరిపోదని సెపరేటర్ ఫిల్టర్‌నూ, ఇంజన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లకు ముందుండే ఫిల్టర్‌నూ మార్చాను.

కొత్త రబ్బరు రింగుకు శుభ్రమైన డీజిల్ రాసి, ఫిల్టర్లను చేత్తోనే బిగించాను. ఇంజెక్టర్లకు ముందుండే ఫిల్టర్‌ను మాత్రం డీజిల్ పోసి నింపకూడదు, ఎందుకంటే వడపోయని ఇంధనంలోని నలుసు నేరుగా కామన్ రైల్ (అధిక పీడన ఇంధన గొట్టం) ఇంజెక్టర్లను చేరి వాటిని అరగదీస్తుంది. అందుకే ప్రైమింగ్ పంపును గట్టిపడేవరకు నొక్కి గాలిని వెళ్లగొట్టాను. ఇంజన్ స్టార్టయ్యాక అతుకుల దగ్గర తడి లేదని కాగితంతో అద్ది చూశాను. తీసిన డీజిల్‌ను నేలపై పారబోయకుండా ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రంలో అప్పగించాను.

ఇప్పుడు బండిని నిలిపి ఉంచే ముందు ట్యాంకు నిండుగా కొట్టిస్తున్నాను. ప్రతి ప్రయాణానికి ముందు గిన్నెలోంచి కొద్దిగా సీసాలోకి వదిలి, వెలుతురులో పట్టి చూస్తున్నాను.