డిజైనర్ గీసిన తెర, డెవలపర్ కట్టిన తెర ఒకేలా రావాలంటే

తెలుగు యాప్‌ల పనిలో డిజైనర్‌కూ డెవలపర్‌కూ మధ్య తగవు చాలాసార్లు ఒత్తుల దగ్గరే మొదలవుతుంది. మేము పనిచేసిన ఒక చెల్లింపుల యాప్‌లో డిజైనర్ ‘కన్‌ఫర్మ్’ అనే ఇంగ్లిష్ మాటతో బటన్ గీసి, అక్షరం సైజు 16, వరుస ఎత్తు 18 అని రాసి పంపారు. డెవలపర్ ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు పాటించారు. అనువాదం చేరాక ‘నిర్ధారించండి’ అన్న మాటలో ధ ఒత్తు, ఆ వరుస ఎత్తు చాలక, కింది అంచు దగ్గర తెగిపోయి, చూసేవారికి ‘నిరారించండి’ అని కనిపించింది. ఎవరి పని వారు సరిగ్గానే చేశారు. ఇద్దరూ కలిసి ఒక్కసారైనా తెలుగు మాటను ఫోన్ తెర మీద పెట్టి చూడలేదు.

అందువల్ల తెరలు గీసే సాఫ్ట్‌వేర్ అయిన ఫిగ్మాలో డిజైన్ పూర్తయ్యేదాకా ఆగకుండా, సగంలో ఉన్నప్పుడే డెవలపర్‌ను కూర్చోబెట్టుకుని, అసలు వాడబోయే తెలుగు మాటలతోనే తెరలు చూడాలి. అంకెతో పాటు దాని వెనుక ఉన్న ఉద్దేశాన్నీ రాయాలి. ‘ఎత్తు 48’ అని ఊరుకుంటే డెవలపర్ దాన్ని స్థిరమైన ఎత్తుగా బిగించేస్తారు. ‘వేలితో నొక్కడానికి వీలుగా కనీసం 48, మాట రెండు వరుసలైతే బటన్ కూడా పెరగాలి’ అని రాస్తే కోడ్ వేరుగా వస్తుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకునే వీలుంది కనుక, పెద్దవయసు వాడుకరుల కోసం ఆ సైజులోనూ తెరను ఇద్దరూ కలిసి పరీక్షించాలి.

డెవలపర్‌కు తెలిసిన సంగతులు కూడా డిజైన్‌లోకి రావాలి. ఫొటో లేనివారికి పేరులోని మొదటి అక్షరాన్ని గుండ్రని గడిలో చూపించడం మామూలు. ‘శ్రీనివాస్’ విషయంలో కంటికి మొదటి అక్షరం ‘శ్రీ’. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం అది శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే నాలుగు సంకేతాలు. కోడ్ మొదటి సంకేతాన్నే తీసుకుంటే గడిలో ‘శ’ మిగులుతుంది. ఇలాంటి సంయుక్తాక్షరాలను విడదీయకూడదన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 సంచికలోనే చేరింది కాబట్టి, పాత లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడ్) వాడుతున్న డెవలపర్ ఈ మాట ముందే చెబితే, డిజైనర్ ఆ గడిలో అక్షరానికి బదులు బొమ్మ పెట్టడం గురించి ఆలోచించగలుగుతారు.

నెట్ లేనప్పుడు, జాబితా ఖాళీగా ఉన్నప్పుడు, చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు కనిపించే తెరలను కూడా డిజైనరే గీసి ఇవ్వాలి. లేకపోతే గడువు ముందురోజు రాత్రి డెవలపర్ తనకు తోచింది పెడతారు. రంగులకూ ఖాళీలకూ ఫిగ్మాలో ఏ పేరుంటే కోడ్‌లోనూ అదే పేరుండాలి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది బిల్డ్, అంటే కోడ్ నుంచి తయారై ఫోన్‌లో నడిచే యాప్, చూడటం గురించి. టెస్టింగ్‌కు పంపే ముందు డిజైనర్, డెవలపర్ పక్కపక్కన కూర్చుని, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రతి తెరనూ తెరిచి చూడటానికి అరగంట కేటాయించాలి. కనిపించిన తేడాల్లో అక్కడికక్కడే సరిచేయగలిగినవి సరిచేసి, వదిలేద్దామనుకున్నవాటిని కారణంతో సహా టికెట్‌లో (చేయాల్సిన పనిని నమోదు చేసే చోట) రాయాలి. ఆరు నెలల తర్వాత కొత్తగా చేరినవారు ‘ఈ బటన్ ఇంత ఎత్తు ఎందుకు?’ అని అడిగితే, ధ ఒత్తు సంగతి ఆ టికెట్‌లోనే దొరకాలి.